పాడి పశువుల చర్మంపై వచ్చే గడ్డలు, పులిపిర్లు – గుర్తింపు, చికిత్స

పాల సంఘాల తనిఖీకి వెళ్లినప్పుడు నేను ముందుగా చూసేది పాల సేకరణ రిజిస్టరు. నగదు పుస్తకంలో తప్పు దొర్లితే దిద్దుకోవచ్చును. కాని సేకరణ రిజిస్టరులో ఒక సభ్యుని వరుస హఠాత్తుగా ఆగిపోయినదంటే ఆ ఇంట ఏదో జరిగినదని అర్థం. కొన్నేళ్ల కిందట ఒక సంఘంలో అటువంటి వరుస ఒకటి కనిపించినది. పూటకు నాలుగు, నాలుగున్నర లీటర్లు పోస్తూ వచ్చిన ఒక సభ్యురాలి పేరు ఎదుట నెల మధ్య నుంచి అన్నీ గీతలే. ఆవు వట్టిపోయినదా అని సెక్రటరీని అడిగాను.

"లేదండీ. రెండో ఈత ఆవు, ఈని మూడు నెలలే అయింది. చన్నులకు కురుపులు లేచాయి. అది కాన్సరని ఎవరో చెబితే భయపడి సంతకు తోలేశారు" అన్నాడు.

ఆ ఇంటికి వెళ్లి అడిగితే ఆమె చెప్పిన మాట ఇది: "బేరగాడు చన్ను చేత్తో పట్టుకుని చూసి, ఇంక ఇది కోతకు తప్ప పనికిరాదమ్మా అన్నాడండీ ఇన్‌స్పెక్టరు గారూ. ఇంకో నాలుగు రోజులుంటే ఆ మాత్రం ధర కూడా రాదన్నాడు." ఆవు విలువలో మూడోవంతు అక్కడికక్కడే పోయినది. ఆవు మీద తీసుకున్న అప్పు వాయిదాలు మాత్రం మిగిలి ఉన్నవి. మరుసటి ఏడు అదే ఆవు పక్క ప్రాంతంలోని మరొక సంఘంలో పాలిస్తున్నట్లు చెవి పోగు మీది నంబరును బట్టి తెలిసినది. కొన్నవారు ఏ మందూ వేయలేదట. పొదుగు కడిగి, ఆఖరున పితుకుతూ వచ్చారు. ఎనిమిది తొమ్మిది నెలలలో ఆ కురుపులు ఎండి రాలిపోయినవి.

ఆ ఆవుకు వచ్చినవి పులిపిర్లు. కొన్ని ప్రాంతాలలో ఉలిపిరికాయలని కూడ అంటారు. నేను పశువైద్యుణ్ణి కాను. సహకార డిప్లొమా చదివి లెక్కలు చూసే ఉద్యోగిని. అయితే లెక్కలలో కనబడిన నష్టానికి కారణం వెదుకుతూ పోగా పశువైద్యాధికారుల వద్ద తెలుసుకున్న విషయాలను, సంఘాలలో కళ్లారా చూచిన వాటిని సభ్యుల ముందు ఉంచుతున్నాను.

పులిపిరి అంటే ఏమిటి

చర్మం మీద లేచే ప్రతి గడ్డా ఒకే జాతిది కాదు. చీము పట్టి లేచేది ఒకటి, దెబ్బకు రక్తం నిలిచి లేచేది మరొకటి. చర్మంలోని కణాలే అదుపు తప్పి పెరిగి ముద్ద కట్టితే దానిని కణితి అంటారు. కణుతులలో మరల రెండు రకాలు. పుట్టిన చోటనే ఉండి నెమ్మదిగా పెరిగేవి సాధువైనవి. లోపలి కండలోకి, ఎముకలోకి చొచ్చుకొనిపోయి, దూరాన ఉన్న అవయవాలకు కూడ పాకేవి కాన్సరు కణుతులు. పులిపిరి మొదటి రకానికి చెందినది. పశువుల చర్మంపై వచ్చే సాధు కణుతులలో అతి సాధారణమైనది ఇదే. మిగిలినవి అరుదు.

పులిపిర్లకు కారణం పాపిల్లోమా అనే వైరస్. ఆవుజాతికి సోకే ఈ వైరస్‌లలో ఇరవైకి పైగా రకాలను శాస్త్రజ్ఞులు గుర్తించారు. ఒక్కొక్క రకానికి ఒక్కొక్క చోటు ఇష్టం. ఒకటి తల, మెడ, భుజాల మీద గోబీపువ్వు వలె గరుకుగా, బూడిదరంగులో లేస్తుంది. మరొకటి చన్నుల మీద బియ్యపు గింజలు అతికించినట్లు తెల్లగా, చదునుగా వస్తుంది. ఇంకొకటి చన్ను మీదనే సన్నని కాడతో, చివర చీలికలతో వేలాడుతుంది. ఈ తేడాను సభ్యులు గుర్తు పెట్టుకోవలెను. ఎందుకనగా కాడతో వేలాడేవి, తల మెడల మీద గోబీపువ్వు వలె వచ్చేవి చాలావరకు కొన్ని నెలలలో, మహా అయితే ఏడాదిలో వాటంతట అవే పోతాయి. బియ్యపు గింజల వంటివి మాత్రం మొండివి, ఏండ్ల తరబడి ఉండిపోవచ్చును. అయినా వాటి వల్ల పాలు పితకటానికి పెద్ద అడ్డంకి ఉండదు.

ఇవి ఎక్కువగా రెండేళ్లలోపు దూడలకు, పెయ్యలకు వస్తాయి. గేదెలకు, పడ్డలకు కూడ రావచ్చును. ఒంట్లో శక్తి చాలని పశువుకు ఎక్కువ లేస్తాయి, ఎక్కువ కాలం ఉంటాయి. కడుపులో పాములు పడి, ఖనిజ లవణ మిశ్రమం ముఖమెరుగని దూడకు మెడ నుంచి గంగడోలు దాకా గుత్తులు గుత్తులుగా కమ్మటం నేను చూచాను. ఒకసారి వచ్చి తగ్గిన పశువుకు అదే రకం వైరస్ మరల సాధారణంగా సోకదు. వేరొక రకం సోకవచ్చును.

పులిపిర్లు ఉన్న ఆవు పాలు తాగితే, లేదా వాటిని చేతితో తాకితే మనుషులకు పులిపిర్లు వస్తాయన్న భయం చాలా ఊళ్లలో ఉన్నది. ఇది నిజం కాదు. ఆవుల పాపిల్లోమా వైరస్ మనుషులకు పులిపిర్లు తెప్పించదు. మన చేతుల మీద వచ్చే పులిపిర్లకు కారణమైన వైరస్ వేరు. గుర్రాలకు మాత్రం ఆవుల వైరస్ సోకి ఒక రకం చర్మపు కణితి వస్తుందని తేలినది. కావున బండిగుర్రాన్ని, పులిపిర్లున్న పశువును ఒకే కొట్టంలో కట్టరాదు. ఇప్పుడు బండిగుర్రాలు ఎన్ని మిగిలినవి గనుక అని సభ్యులు నవ్వవచ్చును. చెప్పవలసినది చెప్పాను.

ఎలా అంటుకుంటుంది – మా తప్పు ఒకటి

చెక్కుచెదరని చర్మం మీద ఈ వైరస్ ఏమీ చేయలేదు. చర్మం గీరుకున్న చోట, చిల్లు పడిన చోట లోపలికి పోతుంది. ముళ్లకంచె గీతలు, పలుపు ఒరిపిడి, ముకుతాడు వేసే సూది, ఇంజక్షను సూది, కొమ్ము చిదిమే ఇనుము, పితికే చేతి గోళ్లు, పాలు పితికే యంత్రపు గొట్టాలు, అన్నీ దారులే. వైరస్ లోపలికి పోయిన ఒకటి రెండు నెలలకు, ఒక్కోసారి ఆరు నెలలకు గాని పులిపిరి పైకి కనిపించదు. అందుచేత రైతుకు కారణం తట్టదు. దిష్టి అంటాడు, లేదా కొత్తగా మార్చిన దాణా మీద నెడతాడు.

ఇందులో మా వంతు కూడ ఉన్నది. ఒకప్పుడు పశువుల బీమా కోసం ఒక సంఘంలో చెవి పోగులు వేయించే శిబిరం పెట్టాము. ఏర్పాట్లు చూసినవాణ్ణి నేనే. ఒక్క పటకారుతో ఉదయం నుంచి మధ్యాహ్నం వరకు పెయ్యల చెవులన్నీ వరుసగా కుట్టించాము. పని త్వరగా అయినదని సంతోషించాము కూడ. నాలుగైదు నెలల తరువాత అదే ఊరికి వెళితే, ఒకే వీధిలో ఐదారు పెయ్యలకు చెవిలో సరిగ్గా పోగు గుచ్చిన చోటనే పులిపిర్లు లేచి ఉన్నవి. పశువైద్యాధికారి చూసి, "పటకారు మధ్యమధ్య కడిగారా?" అని ఒక్కటే ప్రశ్న వేశారు. నేను జవాబు చెప్పలేదు. ఆ పెయ్యలన్నిటికీ ఏడాది లోపున పోయినవి, పెద్ద నష్టం కలగలేదు. కాని అదే పటకారు ద్వారా ఇంకేదైనా రోగం పాకి ఉంటే ఎవరు జవాబుదారీ?

అప్పటి నుంచి నేను వెళ్లిన ప్రతి సంఘంలో చెబుతున్నాను. పోగులు వేసేటప్పుడు రెండు పటకారులు ఉండవలెను. ఒకదానితో పని చేస్తుండగా రెండవది రక్తం, కండ లేకుండా బ్రష్షుతో తోమి, వేడినీళ్లలో మరగనిచ్చి ఉంచవలెను. ఈ వైరస్ గట్టిది. స్పిరిట్ దూదితో పైపైన తుడిచినంత మాత్రాన చావదు. ఇంజక్షను సూది పశువుకు ఒకటి చొప్పున వాడవలెను. ఆ ఖర్చు సంఘం భరించలేనిది కాదు.

ఇంటి వద్ద చేయవలసినది కూడ పెద్దగా లేదు. పులిపిర్లున్న పశువుకు పలుపు, గోకుడు బ్రష్షు వేరుగా ఉంచాలి. దానిని మందలో ఆఖరున పితకాలి. పితికిన తరువాత చేతులు సబ్బుతో కడుక్కొని, చన్నులను అయోడిన్ మందులో ముంచాలి. గోళ్లు పెంచుకొని, బొటనవేలు మడిచి పితికే అలవాటు ఉన్నవారు దానిని మానుకోవలెను. చన్ను మీద గీతలు పడేది అందువల్లనే.

మందు పేరిట చేసే హాని

సంతకు తోలేయటం ఒక రకం నష్టం. దానికంటె చెడ్డది నాటుమందు. మరొక సంఘంలో ఒక సభ్యుడు తన ముర్రా గేదె చన్ను కొసన ఉన్న రెండు పులిపిర్లకు నల్లజీడి రసం పెట్టాడు. మరునాటికి చన్ను కొస కాలి, నల్లబడి, వాచినది. నాలుగు రోజులకు పాలు వచ్చే రంధ్రం మూసుకొనిపోయి, ఆ చన్నులో పొదుగువాపు వచ్చినది. పశువైద్యాధికారి వచ్చి గొట్టం వేసి చీము తీసి ఎంత ప్రయత్నించినా ఆ పాలచన్ను ఎండిపోయినది. ఆ పైన గేదె ఎన్ని ఈతలు ఈనినా మూడు చన్నులదే. నాలుగో వంతు పాలు ఆ ఒక్క సాయంత్రం పోయినవి. పులిపిర్లను మాత్రం అలాగే వదిలి ఉంటే పాలలో గరిటెడు కూడ తగ్గి ఉండేది కాదు.

నల్లజీడి రసం, సున్నం కలిపిన చాకలి సోడా, బ్యాటరీ యాసిడ్, ఎర్రగా కాల్చిన ఇనుప చువ్వ, వీటిలో ఏ ఒక్కటీ పొదుగు దగ్గరకు తేరాదు. పులిపిరి పోయినట్లు కనిపించినా చుట్టూ ఉన్న మంచి చర్మం పోతుంది. గుర్రపు తోక వెంట్రుకతోనో, దారంతోనో కట్టి ఎండగట్టే పద్ధతి పూర్తిగా తప్పని నేననను. సన్నని కాడ ఉండి, మెడ మీదనో తొడ మీదనో వేలాడే పులిపిరికి పశువైద్యులు కూడ అలాగే కడతారు. కాని మొదలు వెడల్పుగా ఉన్నదానికి, చన్ను కొసన ఉన్నదానికి కట్టితే పుండుపడి, ఈగలు వాలి పురుగులు పడతాయి.

వైద్యులు చేసే చికిత్స

నాలుగైదు చిన్న పులిపిర్లు ఉండి, పశువు మేత మేస్తూ పాలిస్తూ ఉంటే చాలాసార్లు వైద్యుల సలహా "వేచి ఉండండి" అన్నదే. ఈ మాట విని కొందరు సభ్యులు, డాక్టరుగారికి శ్రద్ధ లేదని నా వద్ద ఫిర్యాదు చేశారు. అది శ్రద్ధ లేక కాదు. అప్పుడే పెరుగుతున్న పులిపిరిని కోస్తే మరల లేవటమే కాక ఒక్కోసారి ఎక్కువగా లేస్తుంది. పెరుగుదల ఆగి, ఎండటం మొదలైన తరువాత కోస్తే తేలికగా పోతుంది. చన్ను మీది దానిని కోయవలసి వస్తే వట్టిపోయిన కాలంలో చేయించటం మేలు. రోజూ రెండు పూటలా పితుకుతుంటే గాయం మానదు.

పితకటానికి అడ్డు వచ్చినా, తరచు రక్తం కారుతున్నా, కంటిని నోటిని కమ్మినా, ఒళ్లంతా పాకినా వేచి ఉండరాదు. అటువంటప్పుడు మత్తు సూది వేసి కోయటం గాక మరి కొన్ని పద్ధతులున్నవి. లిథియం యాంటిమొనీ థయోమాలేట్ అనే మందును రోజు విడిచి రోజు కండకు కొన్ని ఇంజక్షన్లుగా ఇవ్వటం మన దేశంలో చాలాకాలంగా ఉన్నది. పశువు మెడ నరం నుంచి కొంత రక్తం తీసి దాని చర్మం కిందనే ఎక్కించే పద్ధతి మరొకటి. మూడవది, ఆ మందలోని పులిపిరినే కోసి, ప్రయోగశాలలో నూరి, వైరస్‌ను చంపి టీకాగా తయారు చేసి వేయటం. ఈ టీకా వచ్చిన పులిపిరిని పోగొట్టటం కంటె, రాని పశువులకు రాకుండా కాపాడటానికి ఎక్కువ ఉపయోగం. ఏ పద్ధతిలోనైనా గుణం అన్ని పశువులలో ఒకే తీరుగా కనబడదు. అవి వాటంతట అవే పోయే కాలానికి మందు వేసి, ఘనత మందుకు కట్టబెట్టటం కూడ జరుగుతూనే ఉంటుంది. నాటువైద్యుల కీర్తిలో సగం ఇలా వచ్చినదే.

ఇంజక్షన్లు నడుస్తున్న రోజులలో పాలు కేంద్రానికి పోయవచ్చునో లేదో, ఎన్ని రోజులు ఆపాలో డాక్టరుగారిని అడిగి సెక్రటరీకి చెప్పటం సభ్యుని బాధ్యత. ఒక్కరి క్యాను మొత్తం సంఘం పాలలో కలుస్తుంది.

అరుదుగా వచ్చే ఇతర సాధు గడ్డలు

కొవ్వు గడ్డ చర్మం కింద మెత్తగా, నొప్పి లేకుండా ఉంటుంది. వేలితో నెడితే జారుతుంది. ఏండ్ల తరబడి అదే పరిమాణంలో ఉన్నా ఉండవచ్చును. పలుపునకో, నడకకో అడ్డు వస్తే తప్ప ముట్టుకోనవసరం లేదు. నార గడ్డ గట్టిగా, గుండ్రంగా ఉంటుంది. ఆంబోతు దూడలకు జననాంగం మీద పులిపిరి వైరస్ వల్లనే ఇటువంటిది వచ్చి, దాటేటప్పుడు రక్తం కారుతుంది. కృత్రిమ గర్భధారణ ఉండగా ఊరి ఆంబోతు దగ్గరకు ఎందుకు తోలరాదో చెప్పే కారణాలలో ఇదొకటి.

రక్తనాళాల కణితి చాలా అరుదు. పెద్ద ఆవులకు వీపు మీద చిన్నదిగా, మెత్తగా, ఎర్రగా లేచి, రాచుకుంటే చాలు ధారగా రక్తం కారుతుంది. చూచేవారికి భయంకరమే గాని, వైద్యుడు మొదలంటా తీసివేస్తే నయమవుతుంది.

వీటన్నిటిలో నాకు వింతగా తోచినది దూడ కంటిమీద మొలిచే చర్మపు ముక్క. పుట్టుకతోనే నల్లగుడ్డు అంచున చిన్న చర్మం ముక్క, దాని మీద వెంట్రుకలు ఉంటాయి. ఆ వెంట్రుకలు గుడ్డుకు గుచ్చుకొని కన్ను ఎప్పుడూ నీరు కారుతూ ఉంటుంది. కొందరు దానిని దేవుడి గుర్తని వదిలేస్తారు, కొందరు అరిష్టమని దూడను వదిలించుకుంటారు. అది రెండూ కాదు. ముఖం మీద పెరగవలసిన చర్మం పిండదశలో తప్పుచోట పెరిగినది, అంతే. చిన్నతనంలోనే మత్తు ఇచ్చి ఆ ముక్కను పొరగా కోసి తీస్తారు. చూపు దక్కుతుంది. అలా శస్త్రచికిత్స జరిగిన పెయ్య ఒకటి ఈనాడు మా పరిధిలోని ఒక సంఘంలో మూడో ఈత మీద ఉన్నది.

ఏ గడ్డ కోసినా ఆ ముక్కను పెంటలో పారవేయరాదు. దానికి పది రెట్లు ఉండేటట్లు నూటికి పది పాళ్ల ఫార్మలిన్ ద్రావణంలో వేసి, పశువు వివరాలు రాసి, డాక్టరుగారి ద్వారా పశువైద్య కళాశాలకు పంపవలెను. తిరుపతి, గన్నవరం, రాజేంద్రనగర్ కళాశాలలలో ఇటువంటి ముక్కలను పరీక్షించే విభాగాలున్నవి. సాధువైనదో కాదో కచ్చితంగా చెప్పగలిగేది సూక్ష్మదర్శినిలో చూచిన తరువాతనే. బేరగాని వేళ్లకు ఆ శక్తి లేదు.

కోయరాని గడ్డలు, ఆగరాని గడ్డలు

దూడ బొడ్డు దగ్గర మెత్తని ఉబ్బు కనబడితే చీము గడ్డ అనుకొని బ్లేడు పెట్టినవారున్నారు. అది బొడ్డు జారుడైతే ఆ సంచిలో ఉండేది పేగు. కోస్తే దూడ దక్కదు. వెల్లకిలా పడుకోబెట్టి మెల్లగా నొక్కితే లోపలికి పోయి, వేలికి రంధ్రం తగిలితే అది జారుడే. అలా పోకపోయినా వైద్యుడు చూడకుండా ముట్టరాదు. కొమ్ము పోటు తగిలిన కొద్ది గంటలలో లేచిన పెద్ద ఉబ్బు రక్తపు గడ్డ. దానిని వెంటనే కోస్తే లోపల ఆగిన రక్తం మరల పారుతుంది. కొన్ని రోజులు ఆగి తీయవలసినది. నిజమైన చీము గడ్డ వేడిగా, నొప్పిగా ఉండి, పండిన తరువాత ఒక చోట మెత్తబడుతుంది. దీనికి కూడ ముందు సూదితో గుచ్చి చూచి గాని వైద్యులు కోయరు.

ఆగరానివి మూడు. కొమ్ము ఒకవైపు వంగి, పశువు తల విదిలిస్తూ, అటువైపు ముక్కు నుంచి రక్తం కలిసిన చీమిడి కారితే అది కొమ్ము కాన్సరు కావచ్చును. మన దేశవాళీ ఎద్దులలో ఇది ఎక్కువ. తొలిదశలో కొమ్మును మొదలంటా తీస్తే పశువు దక్కే అవకాశం ఉన్నది. కంటిరెప్ప మీద, కనుకొలుకున మానని పుండు వంటి కండ లేచి, దుర్వాసన కొట్టటం రెండవది. అది కూడ కాన్సరు కావచ్చును. పులిపిరి పొడిగా ఉంటుంది, ఇది తడిగా ఉండి అడుగును తింటుంది.

మూడవది ఒంటరి గడ్డ కాదు. పశువుకు జ్వరం వచ్చి, ఒకటి రెండు రోజులలో ఒళ్లంతా రెండు నుంచి ఐదు సెంటీమీటర్ల గుండ్రని గట్టి గడ్డలు ఒక్కసారిగా లేచి, పాలు పడిపోయి, కాళ్లకు నీరు దిగితే అది లంపీ చర్మవ్యాధి. ముద్దచర్మవ్యాధి అని కూడ వ్యవహరిస్తున్నారు. ఈ వ్యాధి మన దేశంలో మొదట 2019లో ఒడిశాలో కనబడినది. 2022లో రాజస్థాన్, గుజరాత్ రాష్ట్రాలలో పాడి పరిశ్రమను అతలాకుతలం చేసినది. దోమలు, జోరీగలు, పిడుదులు దీనిని మోస్తాయి. గేదెలకంటె ఆవులకు ప్రమాదం ఎక్కువ. పులిపిరికి, దీనికి తేడా చెప్పటం కష్టం కాదు. పులిపిరి వారాల మీద నెమ్మదిగా పెరుగుతుంది, జ్వరం ఉండదు, చర్మం పైకి లేచి గరుకుగా ఉంటుంది. లంపీ గడ్డ చర్మం మందంలోనే పుడుతుంది, పైన వెంట్రుక నిలబడి ఉంటుంది, రాత్రికి రాత్రి వస్తుంది. అనుమానం రాగానే పశువును వేరుచేసి, 1962 నంబరుకు ఫోను చేయవలెను. సంతకు తోలితే ఊరూరా పంచినట్లే. రాకుండా మేకల మశూచి టీకాను ఆవులకు వేస్తున్నారు. వచ్చిన తరువాత వేసి ప్రయోజనం లేదు. ఈ వ్యాధి మనుషులకు సోకదు.

పితికే వారి చేతి గడ్డలు

పులిపిర్లు మనకు అంటవన్నాను గాని, చన్నుల మీద వచ్చే ప్రతి కురుపూ పులిపిరి కాదు. చన్నుల మీద మొదట ఎర్రబడి, పొక్కై, తరువాత గుర్రపు నాడా ఆకారంలో చెక్కు కట్టే కురుపు ఒకటున్నది. దానిని పితికినవారికి వారం పది రోజులలో వేలి మీద ఎర్రగా, నీలంగా గట్టి గడ్డ లేస్తుంది. పెద్దగా నొప్పి ఉండదు. నెలన్నర, రెండు నెలలలో మచ్చ లేకుండా పోతుంది. గేదెల మశూచి కూడ పొదుగు నుంచి చేతికి పాకుతుంది. దానికి జ్వరం, చంకలో బిళ్ల కట్టటం ఉండవచ్చును. పితికే వారి చేతి కురుపులు వైద్యశాస్త్రానికి కొత్తవి కావు. 1796లో ఇంగ్లండులో ఎడ్వర్డ్ జెన్నర్ ఆవు మశూచి సోకిన ఒక పాలపిల్ల చేతి పొక్కు నుంచి తీసిన రసంతోనే మొదటి మశూచి టీకా వేశాడు.

ఇటువంటి గడ్డ ఉన్నవారు అది మానే వరకు పితకరాదు. ఇంట వేరొకరు లేకపోతే కట్టు కట్టి, తొడుగు వేసుకొని పితకాలి. ఆ చేతితో పసిపిల్లలను, ఒంటిమీద గజ్జి ఉన్నవారిని ఎత్తుకోరాదు.

చచ్చిన పశువును కోసినవారికి, తోలు తీసినవారికి చేతి మీద నొప్పి లేని పుండు లేచి, చుట్టూ వాచి, నడుమ బొగ్గు వలె నల్లబడితే అది వేరు. అది దొమ్మ రోగం, అంటే ఆంత్రాక్స్ కావచ్చును. ఆ పూటనే పెద్దాసుపత్రికి వెళ్లవలెను. మందు ఉన్నది, సమయానికి పడితే నయమవుతుంది. ఏ ఆసుపత్రికి వెళ్లినా, డాక్టరు అడిగినా అడగకున్నా, పశువులతో పని చేస్తామని, ఫలానా రోజు ఫలానా పశువును ముట్టామని ముందుగా చెప్పవలెను. ఆ ఒక్క మాట చెప్పకనే చేతి గడ్డకు నెల రోజులు వేరే మందులు రాయించుకొని తిరిగిన సభ్యులు నాకు తెలుసు.